బడి విడుచుటకు కారణం

1990 ఆగస్టు 2, గురువారం, ఉదయం ఐదు గంటల పది నిమిషాలు. ఆ రోజుల్లో నేను ఏ సంగతినైనా గంటా నిమిషంతో సహా రాసుకునేవాణ్ణి. రాసి పెట్టుకుంటే చాలు, అది నా అదుపులో ఉన్నట్టేనని నమ్మే వయసు. ఆ ఉదయం నా డైరీలో మొదటి వాక్యం ఇది: "బయట పెద్ద శబ్దములు. బహుశా పైపుల మరమ్మతు." రెండవ వాక్యం ఆరుంబావుకు రాశాను: "మరమ్మతు కాదు." కువైట్ సిటీలో మా మేడ కిటికీ కిందుగా ఇరాక్ ట్యాంకులు వరుసగా సాగిపోతున్నాయి. (పదిహేడు. అదీ రాసుకున్నాను.)

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. విజయవాడ నుంచి వచ్చి, సల్వా అనే శివారు పేట దాటాక ఉన్న ఒక భారతీయ పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేరి పది నెలలైంది. వేసవి సెలవులకు ఉపాధ్యాయులందరూ స్వదేశం వెళ్లారు. ఏడాది నిండనివాడికి విమానం టిక్కెట్టు ఇవ్వరు గనుక నేను మిగిలాను. వెళ్తూ వెళ్తూ ప్రిన్సిపాల్‌గారు ఆఫీసు బీరువా తాళం చేతిలో పెట్టి, "అవసరమైతే నా బదులు సంతకం చేయండి, అవసరం రాదనుకోండి" అన్నారు.

మొదటి మూడు వారాలూ, చెప్పకూడదు గాని, బాగానే గడిచాయి. మేడలో ఉన్న తెలుగువాళ్లందరికీ ఒకే పొయ్యి, ఒకే పప్పు. తరువాత బస్సుల కబురు వచ్చింది: బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరితే అక్కడ మనవాళ్ల విమానాలున్నాయట, మనిషికొక సంచి. ఆ పూట నా గుమ్మం ముందు జనం చేరితే, దారిలో నీళ్ల సంగతి అడుగుతారనుకున్నాను. అందరికీ కావలసింది ఒక్కటే: పిల్లల టీసీ.

ముందుగా వచ్చింది పక్క వాటాలో ఉండే అక్కయ్యగారు, మా విజయవాడవారే. ఆవిడ భర్త ఇంజనీరు. జూలైలో పనిమీద హైదరాబాదు వెళ్లి అక్కడే చిక్కుపడిపోయారు.

"తమ్ముడూ, మా అమ్మాయికి ఇది పదో తరగతి. టీసీ లేకుండా ఊళ్లో ఏ బడివాళ్లు చేర్చుకుంటారు? ఏడాది పోతుంది దానికి."

"బడిలో సైనికులు దిగారటండీ."

"దిగితే దిగారు. కాగితాలు బీరువాలో కదా ఉండేది."

పిల్లలు మొత్తం పదకొండు మంది. నేను గొంతు సవరించుకుని, ఒక్కొక్కరూ దరఖాస్తు రాసి ఇస్తే పరిశీలిస్తానన్నాను. (ఈ వాక్యం రాయడానికి ఈనాటికీ సిగ్గుగానే ఉంది.) ఆశ్చర్యమేమిటంటే, ఒక్కరూ ఎదురు చెప్పలేదు. మెట్లమీద కూర్చుని, "తమ విధేయుడు" అని సంతకం పెట్టి మరీ ఇచ్చారు.

సల్వా వరకూ నన్ను తీసుకెళ్లింది కింది వాటాలోని రాయచోటి డ్రైవరు. ప్రతి మాటకీ గమ్మునుండమంటాడని మేడంతా ఆయన్ను "గమ్మునన్న" అనేది. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కువైటీ యజమాని, ఎండలు ముదరకముందే ఇంటిల్లిపాదితో విదేశానికి వెళ్లిపోయాడు.

"మా కఫీల్ లేడు, బండి నాకాడే ఉండాది. పోదాం రండి అయివారూ. చెక్‌పోస్టులో మీరు గమ్మునుండండి, మాట్లాడేది నేను జూసుకుంటా."

ఆయన చూసుకున్న తీరు చాలా సులువు. ఆపిన ప్రతిచోటా నన్ను చూపించి, "ముదర్రిస్, హిందీ," అనేవాడు, మాస్టారు, ఇండియావాడు అని. వాళ్లు నా దరఖాస్తుల కట్టను చూసి, జాలిపడి వదిలేసేవారు.

బడిలో బాస్కెట్‌బాల్ కంబానికి సైనికుల బనీన్లు ఆరుతున్నాయి. ప్రిన్సిపాల్‌గారి కుర్చీలో కళ్లజోడు పెట్టుకున్న ఒక అధికారి టీ తాగుతున్నాడు. ఇంగ్లీషు బాగా వచ్చు. బీరువా తెరవడానికి ఒప్పుకున్నాడు గాని, బయటికి పోయే ప్రతి కాగితం తాను చదవాలన్నాడు. "ఇక్కడే రాయి, నా ఎదురుగా."

టీసీల పుస్తకం తీసి, అక్కయ్యగారి అమ్మాయిది మొదలుపెట్టాను. పేరు, పుట్టిన తేదీ, తరగతి, నడవడిక: అన్నీ ఇంగ్లీషులో, నా మంచి దస్తూరీతో. అంతలో ఆ గడి వచ్చింది: బడి విడుచుటకు కారణం. మామూలుగా అందరూ అందులో "తండ్రి బదిలీ" అని రాసేస్తారు. ఈసారి బదిలీ అయింది దేశం గాని తండ్రి కాదు. అబద్ధం నా చేత్తో రాయలేను. నిజం ఆ కళ్లజోడు ముందు రాయలేను. కలం ఆగిపోయింది. అధికారి కప్పు కింద పెట్టాడు.

"అయివారూ, ఏందోటి గీకండి," అన్నాడు గమ్మునన్న తెలుగులో, గోడకేసి చూస్తూ.

"ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా."

"ఉన్నది రాస్తే మనిద్దరం యాడికి పోతామో తెలుసునా మీకు? ఆ గడి ఇడిసిపెట్టి ఇంటికాడ రాసుకోండి."

"ఖాళీ గడి ఉండగా ముద్ర వేయకూడదు."

"మీరు యా లోకం మనిషి సామీ. ఆ పాప సదువు పోతాది ఇంగ."

నిజంగానే పోయేది. పై అంతస్తులో కిటికీలు అదురుతున్న రోజున కూడా, ఒక సిద్ధాంతంలో నాలుగో మెట్టు అర్థం కాలేదని నా తలుపు తట్టిన పిల్ల అది. అదేమో కొట్టివేతకు చోటు లేని కాగితం. చివరికి రాశాను: "వేసవి సెలవులు నిరవధికముగా పొడిగింపబడినందున."

అధికారి రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా సైనికుల సెలవుల సంగతి ఈ పుస్తకంలో ఎక్కడైనా ఉందా?"

"లేదండీ."

"నేనూ అలాగే అనుకున్నాను. యల్లా, కానివ్వు, మిగతావి రాయి."

ముద్ర వేయబోతే స్టాంపు ప్యాడు ఎండిపోయి ఉంది. ఆయనే తన కప్పులోంచి రెండు చుక్కలు దానిమీద వంచాడు. పదకొండు టీసీలు, రెండు గంటల పది నిమిషాలు. ముద్రలన్నీ కొద్దిగా టీ రంగు.

పద్నాలుగు రోజుల తరువాత విజయవాడ చేరాం. సంతకం నాది గనుక అమ్మాయి వెంట బడికి నేనూ వెళ్లాను. గుమాస్తా కాగితం తిరగేసి, "సెలవులు పొడిగిస్తే టీసీ ఎందుకండీ? అవి అయ్యాక అక్కడికే వెళ్లొచ్చుగా" అన్నాడు. తర్కంలో తప్పు లేదు. నేను తడబడుతుండగా ఆ పిల్లే చెప్పింది: "అవి ఎప్పుడవుతాయో మా సారుక్కూడా తెలియదండీ. ఈలోగా ఇక్కడ త్రికోణమితి అయిపోతుంది." ఆయన రిజిస్టరు తెరిచాడు.

ఇప్పుడు నేనూ సంతకాలు చేసే కుర్చీలోనే ఉన్నాను. అప్పటి నేను, ఆ ఇరవై ఆరేళ్లవాడు, ఎప్పుడైనా నా గదికి వస్తే కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాను, ఏ కాగితమూ అడగను. అడగకపోయినా దరఖాస్తు తెచ్చే ఉంటాడని తెలుసు.

పోయినవి: ట్రంకు పెట్టె ఒకటి, రేడియో ఒకటి, తీగమీద ఆరేసిన చొక్కాలు మూడు, పది నెలల ఉద్యోగం. మిగిలినవి: డైరీ ఒకటి, పదకొండు మంది పిల్లలకు ఒక్కొక్క సంవత్సరం.