చెవి చూపిన వైపు

బాలవాడి వంటగదిలో ముల్లంగి తరుగుతుంటే ఎడమవైపు నుంచి ఒక పాప పిలిచింది. పిలిచి పిలిచి విసిగి చివరికి కొంగు పట్టుకు లాగినట్టు ఆప్రాన్ పట్టుకు లాగింది. అప్పుడుగానీ అక్కడ వంట చేసే కినుయోకి తెలియలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే మాత్రం ఏముంది? ఎడమ చెవిలో కీచురాయి కాపురం పెట్టి చాలాకాలమైంది. కుడి భుజానికి తుపాకీ ఆనించేవాళ్లకి ఎడమ చెవే గొట్టం వైపు ఉంటుంది కాబట్టి మోత ముందు దాన్నే కొడుతుంది. జపాన్ కొండల్లోని ఈ ఒనాసావా ఊరి వేటగాళ్లలో ఎడమ చెవి సవ్యంగా ఉన్నవాడు లేడు. వాళ్ల సంఘం సమావేశంలో అందరూ కోళ్లలా మెడలు ఒకే వైపుకి తిప్పి కూర్చుంటారు.

కినుయో పేల్చే తుపాకీ ఆమె భర్తది. ఆయన పోయాక దాన్ని పోలీసులకి అప్పగించేయమని బంధువులంతా చెప్పారు. ఆమె అప్పగించింది. తర్వాత పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, అదే తుపాకీ వెనక్కి తెచ్చుకుంది. వేట జట్టులో ఆడదాన్ని చేర్చుకోవడం ఆ కొండల్లో తాతల నాటినుంచీ లేదు. కొండదేవత ఆడది, ఇంకో ఆడదాన్ని చూస్తే ఓర్వదంటారు. తనకన్నా అనాకారిని చూపిస్తే నవ్వి వేటనిస్తుందని, ఎండబెట్టిన ఒకోజె చేపని గుడ్డలో చుట్టి పట్టుకెళ్తారు.

ఎలుగుల్ని కేకలేసి పైకి తోలే సకుజి మొదటిరోజే నోరు పారేసుకున్నాడు. పోస్టాఫీసులో రిటైరైనవాడు, ఆమెకన్నా పెద్దవాడైనా వెక్కిరింతగా అక్కగారూ అంటాడు.

"అక్కగారు వస్తున్నారుగా, ఇంక చేప ఎందుకు?"

"నీ మొహం జట్టులో ఉండగా ఇన్నాళ్లూ చేపనెందుకు మోశారా అని నేనూ అదే అనుకుంటున్నా" అంది కినుయో.

జట్టు పెద్దని అక్కడ షికారీ అంటారు. షికారీ తొకుజో ముసలివాడు, పలుచటి మనిషి, మాట తక్కువ. ఆయన నవ్వలేదు. "దేవతకి మన మొహాలు చూసి చూసి విసుగొచ్చే ఉంటుంది. రానీ" అన్నాడు. అసలు సంగతేమిటంటే జట్టులో మనుషులు మిగల్లేదు.

ఆ ఏడాది బునా చెట్లు కాయలేదు. కొండ మీద తిండి లేని ఎలుగులు పాడుబడ్డ పొలాల మీదుగా ఊళ్లోకి దిగాయి. పొలాలు ఎందుకు పాడుబడ్డాయో, కడుపు నింపే చెట్లు కొట్టేసి దేవదారు తోటలు ఎవరు వేయించారో అడిగే నాథుడు లేడు. ఎలుగు వాకిట్లోకి వస్తే మాత్రం టౌన్ ఆఫీసు నుంచి ఫోను తొకుజో ఇంటికే వస్తుంది. చెట్టు కొట్టే కూలీకి హెల్మెట్టు ఇవ్వాలని చట్టముంది. ప్రభుత్వం కోసం తుపాకీ పేల్చేవాడి చెవికి చట్టంలో చోటు లేదు. వాళ్లని "సహకరించే పౌరులు" అంటారు. ఏడాది చివర ఓ ప్రశంసాపత్రం, ఓ లంచ్‌ బాక్సు. చెవుడు గాయం కిందకి రాదు. రక్తం కారదు కదా!

పాప ఆప్రాన్ లాగిన వారంలోనే కినుయో బస్సెక్కి పట్నంలో మొరియా తుపాకుల కొట్టుకి వెళ్లింది.

"చెవిలో పెట్టుకునే స్పాంజి బిరడాలున్నాయి, చవక" అన్నాడు మొరియా.

"అవి పెట్టుకుంటే ఎలుగు వచ్చి భుజం తట్టేదాకా తెలీదు. నాకు చిన్న చప్పుడు వినబడాలి, తుపాకీ మోత వినబడకూడదు."

"అందరూ అడిగేది అదే. తల మీంచి వేసుకునే కప్పులు?"

ఆమె పెట్టుకుని చూసింది. తుపాకీ చెక్కని చెంపకి ఆనించగానే కప్పు పక్కకి జరిగి చెవి బయటపడింది. తీసి బల్ల మీద పెట్టేసింది.

మొరియా అద్దాల బీరువా తాళం తీసి, చెవిలో ఇమిడే ఎలక్ట్రానిక్ బిరడాలు రెండు రకాలు ముందు పెట్టాడు. చిక్కుడు గింజంత ఉన్నాయి. లోపలి మైకు బయటి చప్పుడుని పట్టి చెవిలోకి వదులుతుంది, పెద్ద మోత వస్తే అడ్డుకుంటుంది. మొదటి జత ఆమె చెవుల్లో దూర్చి, చలికాలం వీధుల్లో నిప్పు జాగ్రత్తని చెప్తూ కొట్టే చెక్కలు తెచ్చి ఫట్టుమని కొట్టాడు. ఆమె ఉలిక్కిపడలేదు. మోత ఎక్కడికో మాయమైంది.

"చెక్క కొట్టాక నేనేమన్నాను?"

"ఏమన్నారు?"

"చూశారా! ఈ రకం మోత వచ్చిందంటే తలుపు మొత్తం మూసేస్తుంది. మళ్లీ తెరుచుకునేదాకా మీరు చెవిటివాళ్లే. దెబ్బతిన్న ఎలుగు సరిగ్గా అప్పుడే మీదికొస్తుంది."

రెండో జత మోతని మాత్రమే నొక్కింది. దాని వెనకే వచ్చిన గుసగుస వినబడింది. గోడ అవతల కెటిల్లో నీళ్లు సలసలమనడం కూడా. ఆమెకి ఆశ పుట్టి శబ్దం పెంచే మీట పైకి నొక్కింది. మొరియా తన మెడ వెనకే నిలబడి దగ్గినట్టయి గిరుక్కున తిరిగింది. ఆయన గుమ్మం దగ్గరున్నాడు.

"పెంచకండి. పెంచితే దూరం అబద్ధం చెప్తుంది" అన్నాడు. "మామూలు చెవికి ఎంత వినబడుతుందో అంతే ఉంచండి. రబ్బరు తొడుగు బిగుతుగా ఉండాలి, మీ రెండు చెవులకీ రెండు సైజులు. ఇంకో మాట. ఎలుగు ఎటుందో రెండు చెవులూ కలిసి తేల్చాలి. మీ ఎడమ చెవి మందగించిందే గానీ పోలేదు; ఒక చెవి పూర్తిగా పోయినవాళ్లకి నేనిది అమ్మను. చప్పుడు బ్రహ్మాండంగా వినిపిస్తుంది, ఎటునుంచో మాత్రం చెప్పదు. అన్నీ బాగున్న చెవి వైపు నుంచే వచ్చినట్టుంటాయి."

ఆ మాట వింటున్నప్పుడు కినుయోకి తొకుజో గుర్తొచ్చాడు. ఆయన ఎడమ చెవి ఏనాడో చచ్చిపోయింది.

ఆ రెండో జత కొని ఊరికి తిరిగొచ్చి చూపిస్తే తొకుజో వేలితో కూడా ముట్టుకోలేదు. "చెవికి మూత పెట్టుకుని కొండకా? మా నాన్న ఒక్కటే చెప్పేవాడు. మనిషి కన్ను చెప్పింది వినడు, చెవి చెప్పింది వింటాడు. చెవి చూపిన వైపుకే గొట్టం తిరుగుతుంది. ఏదీ, కళ్లు మూసుకో."

బిరడాలు పెట్టుకున్న ఆమెని పెరట్లో నిలబెట్టి, చుట్టూ తిరుగుతూ పుల్లలు విరిచాడు. విరిచిన ప్రతిచోటికీ ఆమె వేలు చూపింది. చివరికి ఆయన చేతిలో పుల్లలు పారేసి దగ్గరికొచ్చాడు.

"మా మనవరాలి మాటలు వినబడతాయంటావా, దీంతో?" అని మెల్లగా అడిగాడు.

కినుయో కళ్లు తెరిచింది. "ఇంట్లో వినబడతాయి షికారీ గారూ. కొండ మీద మాత్రం..."

ఆయన అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు.

బాలవాడి వెనకున్న పర్సిమన్ పళ్ల చెట్టు కొమ్మ విరిగి కనబడిన ఉదయం టౌన్ ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారు. ఎలుగు వెనకలోయలోకి దూరిందట. పొగమంచు కమ్ముకుని ఉంది. పిల్లల్ని లోపలే ఉంచి తలుపులు వేసేశారు. కినుయో ఆప్రాన్ విప్పి, చెవుల్లో బిరడాలు పెట్టుకుని, తుపాకీ తీసుకుంది.

కొండమొదట్లో చిన్న గుడి దగ్గర జట్టు ఆగి తల వంచి దణ్ణం పెట్టింది. వంగిన తొకుజో తలగుడ్డ జారి, కుడి చెవిలో నల్లగా ఏదో కనబడింది.

"ఎక్కడ కొన్నారు?" అంది కినుయో గొంతు తగ్గించి.

"ఫోన్లో తెప్పించా. గాలి గిరగిర తిరగడం కూడా వినబడుతోందమ్మా! ఎన్నేళ్లయిందో."

"రెండోది?"

"చచ్చినదాని నోట్లో గంజి పోస్తే ఏం లాభం?"

శబ్దం ఎంత పెట్టారని అడగబోయింది. కానీ గుడి దాటేశారు. గుడి దాటాక షికారీ మాటకి ఎదురు మాట ఉండదు, అది ఆ జట్టు కట్టుబాటు. కాపు కాసేచోట నిలబడ్డాక అసలు నోరే విప్పకూడదు. దగ్గు వచ్చినా మట్టి కరుచుకుని ఆపుకుంటారు. ఎలుగు పడిందని షికారీ కేక వేసేదాకా శవంలా ఉండాలి. కింద సన్నటి వెదురు పొదల్లోంచి సకుజి పైకి వస్తాడు; పైన గట్టు మీద ఒక చెవి మనిషి తుపాకీతో నిలబడతాడు. ఈ రెండూ కలిపి ఆలోచిస్తూ ఆమె తొకుజో వెనకే, అడుగు ఎడం లేకుండా నడిచింది.

గట్టు మీద తొకుజో, ఆయన వెనక కాస్త పైన కినుయో. వెదురు మనిషి ఎత్తున ఉంది, దాని మీద తెల్లటి మంచు. కిందనుంచి సకుజి కేకలు మొదలయ్యాయి. "హోరే... హోరే..." లోయంతా తిరిగి వస్తున్నాయి. కాసేపటికి దగ్గరయ్యాయి. ఆ తర్వాత ఆగిపోయాయి.

ఆగకూడదు. తోలేవాడు కేక ఆపడు. ఎలుగు పట్టిందా, పడిపోయాడా?

అప్పుడు ఎడమవైపు వెదురులో బరువుగా ఏదో నడిచింది. నడిచి ఆగింది, ముక్కుతో బుస్సుమని గాలి పీల్చింది. కినుయో చెవిలో ఆ ఊపిరి తడిగా, స్పష్టంగా ఉంది. ఎలుగు ఎడమనే ఉంది.

తొకుజో కుడివైపుకి తిరిగాడు.

కుడివైపు వెదురు చివర్లు నిజంగానే కదులుతున్నాయి. కింద నేలబారున ఏదో పాకుతోంది, మూలుగుతోంది. తొకుజో గొట్టం ఆ కదలిక వెంబడే మెల్లగా, సాఫీగా జరిగింది. జీవితంలో ఎప్పుడూ గురి తప్పని మనిషి చెయ్యి అది. మంచులో ఎలుగు నలుపూ కనబడలేదు, వేటగాళ్ల నారింజరంగు కోటూ కనబడలేదు. ఊగే ఆకులే.

ఆ ఆకుల అడుగునుంచి, పళ్ల బిగువున, ఎవరో తిట్టుకుంటున్నారు. "ఛీ, దిక్కుమాలిన మోకాలు..."

కట్టుబాటు ఆమె గొంతులో ఎముకలా అడ్డంపడింది. ఎలుగు కొద్ది అడుగుల దూరంలో ఉంది. నోరు విప్పితే అది బెదురుతుంది, కిందికి దూకుతుంది. కింద బాలవాడి ఉంది. తొకుజో వేలు తుపాకీ మీట మీదికి వెళ్లింది.

"మనిషి! మనిషి! కాల్చకండి!"

అరిచిన అరుపుకి కొండంతా అదిరింది. ఎడమవైపు వెదురు ఒక్కసారిగా చీలి, నల్లటి వీపు గట్టు పక్కగా దొర్లినట్టు కిందికి పోయింది. కినుయో తుపాకీ ఎత్తింది గానీ అప్పటికే మంచు దాన్ని మింగేసింది.

కుడివైపు పొదలోంచి సకుజి నాలుగు కాళ్ల మీద బయటికొచ్చాడు, ఒళ్లంతా బురద. "వాగులో పడ్డానక్కగారూ. ఊపిరాడక కేక... ఏమైంది? ఎందుకలా చూస్తున్నారు?" అన్నాడు. తర్వాత గొట్టం ఎటుందో చూసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

తొకుజో తుపాకీ గొట్టం మడిచి తూటాలు తీశాడు.

"కుడివైపే వినబడింది. నా మీద ఒట్టు, దాని ఊపిరి కుడివైపే వినబడింది నాకు" అన్నాడు.

"నాకు తెలుసు షికారీ గారూ. కింద గుడి దగ్గరే చెప్పాల్సింది నేను."

"చెప్తే విననుగా."

సకుజి మొహం మీది బురద తుడుచుకున్నాడు. చేతిరేడియోలో టౌన్ ఆఫీసు కుర్చీలోని గొంతు పలికింది. "అరుపు వినబడింది. పడిందా? ప్రశంసాపత్రానికి ఫోటో తీసుకోవాలి, అక్కడే ఉండండి."

తొకుజో రేడియో అందుకున్నాడు. "పడలేదు. ఊరివైపు దిగింది. మైకులో చెప్పండి, ఎవరూ తలుపు తీయొద్దని. ఇంకోటి కూడా రాసుకోండి. నేను చెవిటివాణ్ణి. ఇక నన్ను పిలవొద్దు."

"మరి ఎవరిని పిలవమంటారు?" అంది రేడియో విసుగ్గా.

ఆయన కినుయో వైపు చూశాడు. ఆమె సకుజి జబ్బ పట్టి లేపింది.

"నువ్వు ముందు నడువు" అన్నాడు తొకుజో తన తూటాలు ఆమె చేతిలో పోస్తూ. "నువ్వెటు అంటే అటే."

ముగ్గురూ దిగడం మొదలుపెట్టారు. మంచు అడుగున ఊరు కనబడదు గానీ వినబడుతోంది. పై వీధి మొదటి ఇంట్లో కుక్క మొరగసాగింది. దాని వెంట రెండో ఇంట్లోది, ఆ కింది ఇంట్లోది అందుకున్నాయి. కినుయో చెయ్యెత్తి వెనకవాళ్లని ఆపింది.

మొదటి కుక్క, ఏదో వాకిట్లోకి వచ్చినట్టు, కుయ్యిమని ఆగిపోయింది. తర్వాత రెండోది. అలా ఒక్కో ఇల్లూ వరసగా, బాలవాడి వైపుకి, నోరు మూసుకుంటూ పోయింది.