రేవు వీధిలో మా అత్త

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున్న ఫోనొచ్చింది. చేసినవాడు ఇసుక లారీ డ్రైవరు. ఆ ఊళ్ళో కబురు చెప్పడానికి ఇంకో మనిషి లేడు మరి.

ఒకప్పుడు వంశధార దాటాలంటే మా రేవుకే రావాలి. మేం చోళ్ళనే రాగులు, గోగునార, చింతపండు అన్నీ మా వీధిలోంచే పడవలెక్కేవి. ఎగువన వంతెన కట్టాక పడవలు ఆగిపోయాయి. కొట్లు మూసుకుని అందరం శ్రీకాకుళం చేరాం. అత్త ఒక్కతే కదల్లేదు. రోజూ వీధి వీధంతా ఊడ్చేది. ఎందుకత్తా అంటే, "పాములొస్తే పర్లేదురా, సుట్టాలొస్తే ఏ మొకం పెట్టుకుని కూకోబెడతాను?" అనేది.

నాకు ఈత నేర్పింది ఆవిడే. జుట్టు పట్టుకుని ఏట్లోకి తోసి, "సస్తే నాను సూసుకుంటాను, ముందు కాళ్ళు తన్నరా!" అని అరిచింది.

ఆఖరి పడవ తప్పినవాడు పస్తు పడుకోకూడదని మా రేవులో ఆచారం. ప్రతి ఇంటా వాడి కోసం ముంతెడు చోడంబలి తీసి ఉంచేవారు. పడవలు పోయినా అత్త అది మానలేదు. ఇసుక లారీలవాళ్ళు వచ్చి తాగేవారు.

"ఏటిని మింగేస్తున్నారు, వాళ్ళకెందుకత్తా?" అంటే, "ఆకలికి మంచోడేటి, సెడ్డోడేటి? అంబలి తాగినోడు మన గుమ్మంలో గొయ్యి తియ్యడ్రా" అనేది. పిచ్చి నమ్మకం!

ఆవిడ కోరింది ఒక్కటే. "మీ మావని కాల్సిన గట్టు మీదే నన్నూ కాల్సండి. టవునుకి మాత్రం నాను రాను."

వెళ్ళి చూస్తే గట్టేదీ? మావని కాల్చిన చోట ఇసుక తవ్విన తాటిచెట్టంత లోతు గొయ్యి, అందులో పాచినీళ్ళు. ఒడ్డు పొడుగునా కోడి ఈకలు, పేగులు, ఎవరో పారబోసినవి. ఛీ! ఆవిడ చేతి అంబలి తాగి చేసిన పని ఇదా?

"ఓనరు తవ్వమన్నాడు బాబూ, నానేటి సేతును?" అన్నాడు డ్రైవరు, కండువా నలుపుకుంటూ.

వాడి మీద ఎంత రోత పుట్టిందో, ముక్కులకి రుమాళ్ళు అడ్డం పెట్టుకున్న మా చుట్టాల మీదా అంతే పుట్టింది.

"టవునుకి ఎత్తుకుపోదాంరా, తొందరగా అయిపోద్ది" అన్నాడు మా బావ.

"రానంది కదా. ఈ వీధిలోనే కాలుద్దాం" అన్నాను నేను.

పెదనాన్న అదిరిపడ్డాడు. "ఊరి నడుమ శవాన్ని కాలుస్తార్రా ఎవులైనా?"

"ఊరేదీ పెదనాన్నా?" అన్నాను.

పెదనాన్న వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, పంచె ఎగ్గట్టాడు.

వీధి మధ్యలోనే చితి పేర్చాం. పొగ తలుపుల్లేని ఇళ్ళలోకి దూరి, కూలిన కప్పుల్లోంచి పైకి లేచింది. చాలాసేపు, ఆ ఇళ్ళన్నిటా పొయ్యిలు వెలిగించినట్టే కనిపించింది.