ఇటివ్వు మేడమ్

మా పెద్దమ్మకి ఆ పేరు పెట్టిందెవరో ఇప్పటికీ తేలలేదు. స్కూల్లో ఆవిడ డ్రాయింగ్ టీచరుగా చేరిన కొత్తల్లోనే పుట్టి ఉంటుంది. బెంచీల మధ్య నడుస్తూ నడుస్తూ ఎవరి కాగితం మీదనైనా చూపు ఆగిందంటే చాలు, కుడి చెయ్యి చాచి "ఇటివ్వు" అనేది. కుంచె ఆవిడ చేతిలోకి వెళ్లిపోయేది. రెండు గీతలు, ఒక నీడ, కాసిని నీళ్లు. అప్పటిదాకా బురదగుంటలా ఉన్నది కాస్తా ఆకాశమైపోయేది. పిల్లవాడు గుడ్లప్పగించి చూసేవాడు. తర్వాత ఆ బొమ్మ గోడకెక్కేది, కింద పిల్లవాడి పేరు ఉండేది. ఆవిడ అసలు పేరు హెడ్మాస్టరుకైనా గుర్తుందో లేదో గానీ, స్కూలంతటికీ ఆవిడ ఇటివ్వు మేడమే.

నేనూ ఆ క్లాసులో కూర్చున్నదాన్నే. సొంత చెల్లెలి కూతురిని కాబట్టి నాకు అందరికన్నా రెండింతలు ఇటివ్వు దక్కేది. నాకు బొమ్మలు రావని నాకు ముందే తెలుసు. హాయిగా కుంచె ఇచ్చేసి కిటికీలోంచి వీధి చూసుకునేదాన్ని. నష్టపోయింది బొమ్మలు వచ్చినవాళ్లు. వాళ్లలో మొదటిది పెద్దమ్మ కూతురు, మా అక్క.

పెద్దమ్మది నీటిరంగుల పని. ఆ పనిలో తెల్లరంగు వాడరు. తెలుపు కావాల్సిన చోట ఏమీ వెయ్యకుండా కాగితాన్ని అలాగే వదిలేస్తారు. "వదలాల్సిన చోట వదలడమే ఈ విద్యంతా" అని ఆవిడ క్లాసులో పదే పదే చెప్పేది. చెప్పిన మరుక్షణం ఎవరి కుంచెకోసమో చెయ్యి చాచేది. పెదనాన్న ఉన్న రోజుల్లో "మీ పెద్దమ్మ వదిలిపెట్టింది ఒక్క కాగితాన్నే, మమ్మల్నెవర్నీ వదల్లేదు" అనేవాడు. ఆవిడకి ముక్కు మీద కోపం. అయినా ఆ మాటకి మాత్రం నవ్వేది, అదేదో మెచ్చుకోలు అన్నట్టు.

అక్క చేతిలో పనితనం ఉండేది. చుట్టరికం కొద్దీ అంటున్న మాట కాదు. దండెం మీద ఆరేసిన బట్టలు గీస్తే, వాటిలో ఏది ఆరిందో ఏది ఇంకా తడిగా ఉందో తెలిసిపోయేది. అప్పటికి ఇంకా బడిసంచీ సరిగ్గా మోయలేని పిల్ల. పెద్దమ్మ మురిసిపోయేది. ఆ మురిపెంలోనే "ఇటివ్వు తల్లీ, ఈ మూల ఒక్కటీ" అని మొదలుపెట్టి, మూల నుంచి గోడకీ, గోడ నుంచి ఆకాశానికీ వెళ్లిపోయేది. కడుపున పుట్టిన పిల్ల బొమ్మ కదా, దాన్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. పరాయి పిల్లల బొమ్మల్లో రెండు గీతలు పడితే, అక్క బొమ్మలో సగం పెద్దమ్మదే అయ్యేది. ప్రేమ ఎక్కువైన చోటే చెయ్యీ ఎక్కువ పడింది, ఏం చేస్తాం.

ఒకసారి పిల్లల పోటీలో అక్కకి మొదటి బహుమతి వచ్చింది. వాన వెలిసిన బస్టాండు బొమ్మ. బహుమతి ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి ముచ్చటపడి, మైకు దగ్గరగా పట్టి, "రోడ్డు మీది నీళ్లల్లో దీపాల వెలుగు ఇంత బాగా ఎలా వేశావు పాపా?" అని అడిగాడు. అక్క తడుముకోకుండా "ఏమో సార్, అది అమ్మని అడగాలి" అంది. హాలంతా గొల్లుమంది. పెద్దమ్మ కూడా నవ్వింది. అక్క మాత్రం ఎందుకు నవ్వుతున్నారో తెలియక అందరి మొహాలూ చూసింది.

ఆ తర్వాత నుంచి అక్క ప్రతి బొమ్మనీ సగం గీసి, తెచ్చి తల్లి ఒళ్లో పెట్టేది. అడిగేదాకా కూడా ఆగేది కాదు. "ఎంత బుద్ధిమంతురాలో చూడు" అని పెద్దమ్మ మా అమ్మ దగ్గర చెప్పుకునేది. కొన్నాళ్లకి ఆ సగమూ గీయడం మానేసింది. చదువుల ఒత్తిడి అనుకున్నారు అందరూ. పిల్లలకి ఏం జరిగినా పెద్దవాళ్లు అనుకునేది అదే కదా.

ఇప్పుడు అక్క కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. పక్క పంటికి సరిపోయేలా కొత్త పంటికి రంగు తేవడంలో ఆమెకి సాటి లేరని డాక్టర్లే అంటారు. "ఇక్కడ బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదే. ఏ రంగు వెయ్యాలో పక్క పన్నే చెప్పేస్తుంది" అని ఒకసారి నాతో అంది. మామూలుగానే అంది.

పెద్దమ్మ పేరు నెమ్మదిగా పైకొచ్చింది. ఊళ్లో ప్రదర్శనలు, పక్క ఊళ్లల్లో ప్రదర్శనలు, రిటైరయ్యాక విదేశాల నుంచి పిలుపులు. అక్కడ పెద్దవాళ్లకి వారం, పది రోజులు శిబిరాలు పెట్టి బొమ్మలు నేర్పించాలి. నేను అనువాదాలు చేసుకుని బతికేదాన్ని కాబట్టి, తనకి మాట సాయంగా నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. ఆవిడ చెప్పేదంతా తర్జుమా చేసేదాన్ని గానీ, "ఇటివ్వు" మాత్రం ఎప్పుడూ చెయ్యాల్సిన పని పడలేదు. చాచిన చెయ్యే చెప్పేసేది. దాంతో అక్కడివాళ్లు ఆ మాటకి తమకి తోచిన అర్థం తీసుకున్నారు. ఆవిడ ఆ మాట అన్నాక బొమ్మ అందంగా తయారవుతోంది కాబట్టి, అది శుభం పలికే మాట అనుకున్నారు. ఒక శిబిరంలో చివరి రోజు అందరూ కాఫీ కప్పులు పైకెత్తి ముక్తకంఠంతో "ఇటివ్వు" అన్నారు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాను. పెద్దమ్మ తలవంచి అందరికీ నమస్కారం పెట్టింది.

ఆఖరిసారి వెళ్లిన చోట బేకరీ నడిపే ఒకావిడ వచ్చేది. భారీ మనిషి, మాట పొదుపు. పోయిన భర్త కూర్చునే కుర్చీ బొమ్మ వేస్తోంది. కుర్చీ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి పోతున్నాయి, మీద కూర్చుంటే ఎవరైనా బోర్లా పడాల్సిందే. పెద్దమ్మ ఆ బల్ల దగ్గర ఆగింది. "ఇటివ్వు" అని చెయ్యి చాచింది. ఆవిడ కుంచె ఇవ్వలేదు. మోచెయ్యి దాకా చేతిని తెచ్చి తడి బొమ్మకి అడ్డంగా పెట్టేసింది. గోధుమరంగు ఆవిడ చొక్కాకంతా అంటింది.

ఆవిడ తన భాషలో ఏదో మెల్లగా అంది. పెద్దమ్మ నా వైపు చూసింది.

"ఏమంటోందే?"

"పాడైతే నేనే పాడుచేసుకుంటాను, మీరు ముట్టుకోకండి అంటోంది."

పెద్దమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆ చెయ్యి ఖాళీగా వెనక్కి రావడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం. కోప్పడుతుందని భయపడ్డాను. కోప్పడలేదు. ఆ రోజంతా ఎవరి బల్ల దగ్గరికీ వెళ్లకుండా కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంది. సాయంత్రం గదికి వచ్చాక చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"మన పిల్ల ఎప్పుడైనా అలా చెయ్యి అడ్డం పెట్టిందా?"

"లేదు పెద్దమ్మా."

"పెట్టి ఉంటే బాగుండేది" అంది. ఆవిడ ఏడవడం కూడా నేను అప్పుడే చూశాను.

తిరిగొచ్చాక, ఇంటికొచ్చి నేర్చుకునేవాళ్లకి ఆవిడ పాఠం చెప్పే తీరే మారిపోయింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలా నడిచేది. పాత శిష్యులు ఆవిడకి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు. అంతలో ఒక గ్యాలరీవాళ్లు ఆవిడ ఇన్నాళ్ల పనంతా ఒకచోట పెట్టి చూపిస్తామన్నారు. పెద్దమ్మ సరేనంది గానీ ఒక షరతు పెట్టింది. తన బొమ్మల మధ్య కూతురి బొమ్మ ఒకటి ఉండాలి. తన చెయ్యి పడని బొమ్మ.

మంచం కిందున్న పాత అట్టపెట్టెలన్నీ బయటికి లాగించింది. నేను ఒక్కొక్క కాగితమే తీసి చూపిస్తుంటే ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఈ ఆకాశం నాది. ఈ నీడ నాది. ఈ మేక... మేక దానిదే. కాదు, మొహం నేను దిద్దాను." పెట్టె తర్వాత పెట్టె ఖాళీ అయింది. నేలంతా కాగితాలు పరుచుకున్నాయి గానీ, ఇది పూర్తిగా దానిది అనుకోవడానికి ఒక్కటీ దొరకలేదు. ఆవిడ కళ్లజోడు తీసి ఆ కాగితాల మీద పెట్టింది. తర్వాత, "దాన్ని ఆదివారం రమ్మను" అంది.

అక్క వచ్చింది. "ప్రదర్శనకి నీ బొమ్మ ఒకటి కావాలే" అంది పెద్దమ్మ.

"నాదెందుకమ్మా? వదిలేసి ఎన్నేళ్లయింది."

"వెయ్యవే. నా కోసం."

అక్కకి తల్లి మాట కాదనడం రాదు. బాల్కనీ తలుపు దగ్గర బోర్డు పెట్టుకుని, ఎదురుగా ఉన్నదాన్నే మొదలుపెట్టింది. బోర్లించిన బకెట్టు, దాని మీద ఆరేసిన నేల తుడిచే గుడ్డ. అంతే. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి బకెట్టు నిలబడింది, గుడ్డ వేలాడుతోంది, గుడ్డ కింది అంచు ఇంకా ఆరలేదని చూడగానే తెలుస్తోంది. పెద్దమ్మ వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఇన్నేళ్లూ ఆ పనితనం ఎక్కడికీ పోలేదు. నాకు సంతోషంతో పాటు ఒళ్లు మండిపోయింది కూడా, ఎవరి మీదో తెలియదు.

వెనక గోడా, నేల మీది నీడా మిగిలాయి. అక్క అక్కడ ఆగిపోయింది. బోర్డు తల్లి వైపు జరిపి కుంచె అందించింది.

"ఆపావేం? వెయ్యి" అంది పెద్దమ్మ.

"నాకు ఇంతవరకే వచ్చమ్మా. మిగతాది ఎప్పుడూ నువ్వేగా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది, పెద్దమ్మ నాలుగు చివాట్లు తిని మనసు తేలికచేసుకునేది. అక్క నిజం చెప్పింది, అంతే. నీడ దగ్గరకి రాగానే ఆ చేతికి దారి తెలియదు.

పెద్దమ్మ వేళ్లు వీపు వెనక ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. చెప్పాల్సింది అప్పుడే. నీ బొమ్మలన్నీ నేను మింగేశానే, ఇది మాత్రం నీదిగా ఉండనియ్ అని ఒక్క మాట. కానీ ఆవిడ బతుకంతా చేసి చూపించిందే గానీ, నోటితో చెప్పిన పాపాన పోలేదు. నీళ్లు నమిలింది. నమిలి నమిలి చివరికి, "చాల్లే" అంది.

మన భాషలో ఆ మాటంత పాడుమాట ఇంకొకటి లేదు. నిండుగా ఉంది, ఇంకేం అక్కర్లేదు అన్నా చాల్లే. నీ వల్ల కాదు, ఇక ఆపు అన్నా చాల్లే. రెండింట్లో ఏదన్నది గొంతే చెప్పాలి. ఆవిడ గొంతేమో అప్పటికే పూడుకుపోయి ఉంది. అక్క ఒక్క క్షణం తల్లి మొహంలోకి చూసి "సరే" అంది. కుంచె కడిగి, మొన వేళ్లతో సూటిగా సర్ది, గ్లాసులో నిలబెట్టి వెళ్లిపోయింది.

ప్రదర్శన మొదలైన రోజు ఆ బొమ్మ హాలు మధ్య గోడ మీద ఉంది, కింద అక్క పేరు ఒక్కటే. గోడా నీడా లేకుండా ఆ బకెట్టు తెల్ల కాగితంలో ఒంటరిగా నిలబడి ఉంది. చూసినవాళ్లు అక్కడ కాసేపు ఆగి మరీ కదులుతున్నారు. అక్క ల్యాబ్ నుంచి నేరుగా వచ్చింది. నన్ను చూసి నవ్వి, బొమ్మలన్నీ వరసగా చూస్తూ వచ్చి, తన దాని దగ్గర నిలబడింది.

"అమ్మ చెయ్యి పెట్టని బొమ్మ నాది ఇదొక్కటే కదే" అంది.

"అవునక్కా, అందుకనే..."

"దిద్దడానికి కూడా పనికిరాలేదన్నమాట. ఆ రోజు చాల్లే అనేసింది, నువ్వూ విన్నావుగా. అయినా తీసుకొచ్చి ఇక్కడ పెట్టింది, నేను చిన్నబుచ్చుకుంటానని."

నేను అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. బేకరీ ఆవిడ సంగతి, మంచం కింద పెట్టెల సంగతి, వీపు వెనక చేతుల సంగతి. అక్క ఓపిగ్గా విని నా చెంప తట్టింది.

"నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే. అమ్మ మీద ఈగ వాలనివ్వవు."

పెద్దమ్మ అప్పటికే మా వెనక ఉంది. ఆవిడ మొహం చూస్తే మొత్తం విన్నట్టే ఉంది. "అది కాదే" అంది. అక్క తల్లి వైపు తిరిగి, ఏం చెబుతుందోనని ఆగింది. పెద్దమ్మ పెదవులు కదిలాయి. ఇన్నేళ్ల నుంచి రాని మాట ఎలాగో బయటికి వచ్చింది.

"బాగుందే. ఇందులో నేను చెయ్యడానికేం లేదు. చాలా బాగుంది."

"సరేలేమ్మా" అంది అక్క, ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టేటప్పటి గొంతుతో. తల్లి భుజం మీద కొంగు సర్ది, అవతలి గోడ మీది బొమ్మలు చూడటానికి వెళ్లింది. బాగుంది అని వదిలేసిన తల్లిని అక్క పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ చూడలేదు, ఇప్పుడు చెబితే ఎలా నమ్ముతుంది.