స్వింగ్ గిటారూ సిరిసిల్ల రిసెప్షనూ

పదేళ్ల కిందట, మాఘమాసం పెళ్లిళ్ల సీజన్‌లో, మా కోరుట్ల ఆర్కెస్ట్రాతో సిరిసిల్లలో ఒక రిసెప్షన్‌కు వెళ్లాను. అప్పటికి రిథమ్ గిటారిస్టుగా నా సర్వీసు ఇరవై రెండేళ్లు. ఆర్కెస్ట్రాలో హోదాలుంటాయి. ముందు గాయకుడు, తర్వాత కీబోర్డు, డ్రమ్స్, లీడ్ గిటార్. చిట్టచివర, స్టేజీ మూలన, నేను. సికింద్రాబాద్ క్లబ్బుల్లో వాయించిన మా గురువు నాకు నేర్పింది స్వింగ్, అంటే పాత అమెరికా డాన్స్ బ్యాండ్ల పద్ధతి. నాలుగు మాత్రలకు నాలుగు స్ట్రోకులు, అంతే. గిటార్ విడిగా వినిపించిందంటే వాయించేవాడు తప్పు చేసినట్టే. సినిమా పాటలకూ నేను అదే వాయించేవాణ్ణి. ఎవరూ కనిపెట్టలేదు.

అదే నా కొంప ముంచింది. జగిత్యాలలో సౌండ్ బాక్సులు ఎక్కించుకున్నాక, ఓనరూ గాయకుడూ అయిన రాజేశం వ్యాన్‌లో నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

“అన్నా, నీ గిటార్ ఎవలకు ఇనవడ్తలేదు. కొత్త కీబోర్డుల బటన్ ఒత్తితె గిటార్ గూడ అస్తది. రేపటి సంది నువ్వు రాకు.”

యాభై నాలుగేళ్ల వయసు. మరో పని రాదు. ముందు భయమేసింది, తర్వాత కోపమొచ్చింది, వేములవాడ దాటేసరికి దుర్బుద్ధి పుట్టింది.

డ్రమ్మర్ సత్తన్న నా కుడిచేతిని చూసే లయ పట్టుకుంటాడని నా గట్టి నమ్మకం. రిసెప్షన్‌లో మొదటి హుషారు పాటకు చుట్టాలు డాన్స్ అందుకోగానే చెయ్యి వేగం తగ్గించాను. సత్తన్న కూడా తగ్గాడు. కీబోర్డులో బటన్ ఒత్తితే వచ్చే గిటార్ మాత్రం తన వేగంతో తాను పరుగెత్తింది. ఎవరితో పాడాలో తెలియక రాజేశం నోరు తెరిచి నిలబడ్డాడు. పెళ్లికొడుకు మేనమామ కాలెత్తి, ఎప్పుడు దించాలో తోచక అట్లాగే ఉండిపోయాడు. చివరికి కీబోర్డు అతను భయపడి బటన్ ఆపేశాడు. పాట సర్దుకుంది.

భోజనాల దగ్గర రాజేశం “ఏమైందన్నా?” అనడిగాడు.

“ఇనవడని గిటార్ తోని ఏమైతది తమ్మీ?” అన్నాను అమాయకంగా.

బటన్ మీద నమ్మకం పోయినట్టుంది, మర్నాడు కూడా రమ్మన్నాడు.

తిరుగు ప్రయాణంలో నా చేతి మహిమను సత్తన్నకు చెప్పి మురిసిపోయాను. ఆయన పకపకా నవ్వాడు.

“నీ చెయ్యి నేనెన్నడు సూసిన? స్టేజీ మీద కండ్లద్దాలు పెట్టుకోను గద, నువ్వే సరిగ కనవడవు. రాజేశం నిన్ను రావద్దన్నది ఇన్న. నేనే స్లో చేసిన. నువ్వు నా ఎంబడి అచ్చినవ్.”

నాకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. ఆ తర్వాత ఆరేళ్లు, రిటైరయ్యేదాకా, అదే మూలన వాయించాను. నా కొలువు నిలబెట్టింది నా విద్య కాదు, డ్రమ్స్ వెనక కూర్చున్న మనిషి. ఈ సంగతి రాజేశానికి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.