సున్నా మీద ఉన్న ఫేడర్

నాలుగేళ్ల క్రితం, నవంబరు రెండో శనివారం, మచిలీపట్నంలో ఒక కాలేజీ ఆడిటోరియంలో నాకు సౌండ్ డ్యూటీ పడింది. సాయంత్రం నాలుగుకు మొదలు, ఆరున్నరకల్లా హాలు ఖాళీ చేయాలి. అప్పటికి ముప్పై ఏళ్లుగా నేను ఆపరేటర్‌ని. మా పనిలో కింద బాక్సులు మోసేవాడు, ఆ పైన వైర్లు లాగే లైన్‌మన్, అందరికీ పైన మిక్సర్ ముందు కూర్చునే ఆపరేటర్. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది గానీ, ఈ మూడు మెట్లూ ఎక్కడా ఫెయిలవకుండా ఎక్కాను.

పెళ్లిళ్లు, సువార్త సభలు, ఉరుసులు, పార్టీ మీటింగులు అన్నీ చేశాను. ఈ కార్యక్రమం మాత్రం ఏ కోవలోకీ రాలేదు. గుడివాడలో ఫిజిక్స్ లెక్చరర్ సుధీర్ గారు కట్టిన బ్యాండ్ అది. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు, వాటికి తోడు నాలుగు వయొలిన్లు, కీబోర్డులో చర్చి ఆర్గన్ మోత. దాన్ని సింఫనిక్ రాక్ అంటారట. చివరి పాట ఒక్కటే ఇరవై రెండు నిమిషాలు. మా వృత్తిలో పాట అంతసేపు నడిచిందంటే మధ్యలో కరెంటు పోయి వచ్చిందని అర్థం. సాహిత్యంలో ప్రేమ ఊసే లేదు. ఉప్పెన వెనక్కి పోయాక మట్టిలో మిగిలిన ఉప్పు సముద్రానిదా, నేలదా అని అడుగుతుంది ఆ పాట.

"జవాబు చివర్లో వస్తుందాండీ?" అన్నాను.

"రాదు మస్తాన్ బాబాయ్. వచ్చేదైతే అయిదు నిమిషాల్లో అయిపోయేది" అన్నారాయన.

పాడేది గ్రేస్. మోపిదేవి దగ్గర పల్లెలో పాస్టరు గారి అమ్మాయి. చర్చి క్వైర్ బృందంలో పాడుతూ మొదలుపెట్టి, విజయవాడలో ఒక టీచరమ్మ దగ్గర ఒపేరా అనే పాశ్చాత్య గానం నేర్చుకుంది. పాస్టరు గారు మధ్యాహ్నమే వచ్చి నా మిక్సర్ పక్కన నిలబడ్డారు.

"ఇదంతా ఈ మిషన్లో పెంచే గొంతేగా అండీ?" అని అడిగారు.

ఆయన షరతు ఏమిటో సుధీర్ గారు నా చెవిలో వేశారు. ఈ ఒక్కసారి వచ్చి చూస్తారు. మిషన్ గారడీ అనిపించిందా, గ్రేస్ బ్యాండ్ మానేసి బీఈడీలో చేరాలి.

సౌండ్ చెక్‌లో గాయకులు గొంతు దాచుకుంటారు. గ్రేస్ కూడా సగం గొంతుతోనే పాడింది. నేను దాన్నిబట్టే ఆమె మైకు స్థాయి కట్టాను. చివర్లో వాద్యాలన్నీ ఆగిపోయి గ్రేస్ ఒక్కతే పైకి వెళ్తుందని, ఆ చోట మాత్రం చెయ్యి వేయొద్దని సుధీర్ గారు రెండుసార్లు చెప్పారు. చెయ్యి జేబులో పెట్టుకుంటానన్నాను.

పెట్టుకోలేదు.

స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో పడి తిరగడం మొదలుపెడితే సన్నటి కూత పుడుతుంది. జనం చెవులు మూసుకునేలోపు ఆ మైకు ఫేడర్‌ని, అంటే శబ్దాన్ని ఎక్కించి దించే మీటని, కిందికి లాగేయాలి. ముప్పై ఏళ్లలో నా చెయ్యి చెవిని అడగడం మానేసింది.

వాద్యాలు ఆగాయి. సన్నగా, నిటారుగా ఒక స్వరం లేచింది. నా చెయ్యి గ్రేస్ ఫేడర్‌ని సున్నాకి లాగేసింది.

కూత ఆగలేదు.

మళ్లీ లాగాను. కిందికి ఇంక జాగా లేదు. స్పీకర్లకు ఎంత శబ్దం వెళ్తోందో చూపే మీటర్లో ఒక్క దీపమూ వెలగడం లేదు. శబ్దం మాత్రం ముప్పై వరుసలు దాటి, హాలు చివరనున్న నా దగ్గరికి వచ్చి చెవిలో గుచ్చుతోంది. అది కూత కాదు, మనిషి. మైకు లేని మనిషి. ఇప్పుడు ఫేడర్ పెంచితే నిజంగానే కూస్తుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. హాల్లో దగ్గిన వాడు లేడు.

పాట ముగిశాక పాస్టరు గారు నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"అక్కడ ఎంత పెంచారండీ?"

పక్కనే సుధీర్ గారున్నారు. నా ముప్పై ఏళ్ల పేరూ నాతోనే ఉంది. ఏదో ఒక అంకె చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేకపోయాను.

"పెంచలేదండీ. కూత అనుకుని తీసేశాను. చూడండి, ఇంకా సున్నా మీదే ఉంది."

ఆయన ఫేడర్‌కేసి చూశారు. వేదికకేసి చూశారు. మళ్లీ ఫేడర్‌కేసి చూశారు.

"మరి మా చర్చిలో మైకు ఎందుకు కొన్నట్టండీ?" అన్నారు. నవ్వలేదు. సుధీర్ గారి వైపు తిరిగి, "ఈసారి ప్రోగ్రాం ఆదివారం మాత్రం పెట్టకండి" అన్నారు.

సామాను సర్దుతుంటే గ్రేస్ వచ్చింది.

"బాబాయ్, నన్ను తీసేశారు కదా? నా పాట నాకు వినిపించే మానిటర్ స్పీకర్లో గొంతు పోయింది."

"తెలిసీ ఆపలేదా అమ్మా?"

"ఆపితే ఇప్పటిదాకా పాడింది మీ మిషనే అనుకుంటారు నాన్న."

ఆ తర్వాత రెండేళ్లు పనిచేసి మానేశాను. ఆ రెండేళ్లూ సౌండ్ చెక్‌లో ప్రతి గాయకుడి చేతా పాటలోకెల్లా పెద్ద స్వరాన్ని ఒక్కసారైనా పూర్తి గొంతుతో పాడించాకే స్థాయి కట్టాను. కూత వినపడితే ముందు వేదికకేసి చూసేవాణ్ణి. అక్కడ ఎవరి నోరూ తెరిచి లేదని రూఢి చేసుకున్నాకే ఫేడర్ మీద చెయ్యి వేసేవాణ్ణి.