కింది బొంత

పార్సిల్ ఆఫీసులో త్రాసు ముందు నిలబడి జుట్టు నెరిసిన మనిషిని తూకాలాయన అనక ఇంకేమంటారు? పెట్టెను ఒక్కసారి చేత్తో ఎత్తి చూసి బరువు చెప్పేసేవాడు. త్రాసు ఆయన మాటకు ఎదురు చెప్పేది కాదు. ఇంట్లో భార్యా అంతే. "ఇద్దరికీ ఒక గొడుగు చాలదూ?" అంటే ఆ ఇంట్లో ఒకటే గొడుగు. ఆవిడ ముచ్చటపడి కొనుక్కున్న కుట్టుమిషను "గదికి అడ్డం" అని ఎవరికో ఇచ్చేస్తే, ఇచ్చేసినట్టే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అలాగని చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్ల బరువు తగ్గిస్తున్నానని నిజంగానే నమ్మేవాడు.

అలాంటి ఇంట్లో ఆవిడ ఒకరోజు కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే, "కొండదారిలో నడకకి వెళ్తున్నానండీ. నెల పడుతుంది" అంది.

ఆయన తాగుతున్న కాఫీ కింద పెట్టేశాడు. "ఈ వయసులో కొండలేంటి? నీ మోకాళ్లు ఏమైపోతాయి?"

"నా మోకాళ్లేగా. నేను చూసుకుంటాను."

కాపురానికి వచ్చాక ఆవిడ నోట అలాంటి జవాబు వినడం అదే మొదలు. తేరుకోవడానికి ఆయనకు చాలా రోజులే పట్టింది. ఆపడం తన వల్ల కాదని తెలిశాక, బ్యాగు సర్దే పని నెత్తిన వేసుకున్నాడు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశాడు. సబ్బు ముక్క చేశాడు. చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఊయల, దాని పట్టీలు, వానకు పైన కట్టే పరదా, అన్నీ తూచి తూచి పెట్టాడు. అడుగున రెండు ఈకల బొంతలు కనిపించాయి. ఒక్క మనిషికి రెండు బొంతలా! ప్రయాణం రోజు పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లగానే ఒకటి తీసి అలమారలో పెట్టేశాడు. భుజం తేలిగ్గా ఉంటే తనను తలుచుకుంటుందని మురిసిపోయాడు కూడా. ఆ మురిపెం తగలెయ్య!

మర్నాడు బొంతను చంకన పెట్టుకుని, సామాను అమ్మిన కొట్టుకు వెళ్లాడు. "ఏమ్మా, మా ఆవిడకి రెండు అంటగట్టావే. ఇది వెనక్కి తీసుకో."

కొట్టావిడ తనూ ఆ దారి నడిచిన మనిషే. బొంత విప్పి చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"ఇది కప్పుకునేది కాదండీ, ఊయల కింద కట్టుకునేది. గాలి అడుగు నుంచే కొడుతుంది. పైన ఎన్ని కప్పుకున్నా వీపు గడ్డకట్టుకుపోతుంది. ఇది లేకుండానే వెళ్లిపోయిందా? నిన్న రాత్రి దిగువన ఎలాగో గడిచినా, ఇవాళ పైన మంచు పడుతుందండీ!"

తూకాలాయన అక్కడే నిలబడి ఆవిడకు ఫోను చేశాడు, కలవలేదు. మళ్లీ చేశాడు. చేతులారా పెళ్లాన్ని చలికి అప్పజెప్పానే అన్న మాట తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. సాయంత్రానికి ఆవిడ రెండో మజిలీకి చేరుతుందనీ, అక్కడిదాకా బస్సుందనీ కొట్టావిడ చెప్పడమే ఆలస్యం, బొంత చంకన పెట్టుకుని, కాళ్లకున్న చెప్పులతోనే బస్సెక్కాడు. దారిపొడుగునా ఫోను చేస్తూనే ఉన్నాడు. తీసుకొచ్చేద్దాం, ఈ నడకా వద్దు, ఏమీ వద్దు అనుకున్నాక కాస్త ప్రాణం కుదుటపడింది.

పొద్దు వాలుతుండగా మజిలీ చేరాడు. ఆవిడ చెట్టుకు పట్టీ బిగిస్తూ కనిపించింది. ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుంది. పెదాలు నల్లబడి పగిలాయి. ఆయన పరుగున వెళ్లాడు.

"తప్పయిపోయింది! ఇది పైకి కప్పుకునేదనుకుని నేనే తీసేశాను!"

ఆవిడ బొంతను చూసింది, ఆయన్ని చూసింది. ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. నిన్న బస్టాండులోనే చూసుకున్నాను."

"బస్టాండులోనా? వీధి చివరే కదా ఇల్లు! వెనక్కి రాకపోయావా?"

"నేను వెనక్కి రావాలనే మీరు తీశారనుకున్నాను."

ఆయన బొంతను చంకలోంచి చేతుల్లోకి తీసుకున్నాడు.

"దీనికోసం ఇంట్లోకి వస్తే మళ్లీ గుమ్మం దాటనివ్వరని భయమేసింది. రాత్రంతా మొదటి మజిలీలో పొయ్యి పక్కన కూర్చున్నాను. నిద్ర లేదు" అంది, మామూలుగా.

ఒట్టు, అందుకు కాదు అనబోయాడు. బస్సులో తను అనుకున్నది గుర్తొచ్చి ఆగిపోయాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, చలికంటే తన ఇంటికి ఎక్కువ భయపడిందా?

"ఇప్పుడు ఇచ్చిపోవడానికొచ్చారా, తీసుకుపోవడానికొచ్చారా?"

"ఇచ్చిపోవడానికే" అన్నాడు. ఆ గొంతు తనదేనా అనిపించింది.

ఆవిడ బొంత అందుకుంది. ఆయన ఒక కొస పట్టుకోబోతే పక్కకు లాక్కుని, రెండు కొసలూ తనే ఊయల కింద కట్టుకుంది.

"ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. బయల్దేరండి."

బయల్దేరాడు. మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. చీకటి పడుతోంది, చలి కోసేస్తోంది, ఆవిడ ఇంకా ఊయల ఎక్కలేదు. ఆయన నిజంగా వెళ్తున్నాడో లేదోనని చూస్తూ నిలబడి ఉంది.