అమ్మ కుంటిన కాలు

ఆ వయసులో నాకో గట్టి నమ్మకం ఉండేది. ఫౌజులో తెలివైనవాడంటే తుపాకీ బాగా పేల్చేవాడు కాదు, దాన్ని మోయకుండా జీతం తీసుకునేవాడు అని. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపే పోచంపల్లి నేతవాళ్ల ఇంట్లో పుట్టి, ఇరవై ఏళ్లకే సిపాయినై, మంచు కొండల్లో రెండు చలికాలాలు పళ్లు టకటకలాడించినవాడికి అంతకంటే పెద్ద వేదాంతం వంటపట్టదు లెండి. ఇప్పుడు తలచుకుంటే ఆ తెలివికి నవ్వొస్తుంది. నవ్విన కాసేపటికి నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాకు ప్రత్యేక డ్యూటీ అని ఒకటుండేది. రెండేళ్లు యూనిట్‌కు దూరంగా, అదృష్టం బాగుంటే సొంత ఊళ్లోనే, ఏ కాలేజీలోనో ఆఫీసులోనో పని. హైదరాబాద్‌కు మా కంపెనీ నుంచి ఒక్కడినే పంపేవారు. వెళ్లినవాడు తిరిగొస్తేనే ఇంకొకడు కదలాలి. ఆ ఏడు నేనూ, నా జోడీ సిక్కోలూ వరసలో ఉన్నాం. (జోడీ అంటే ఒకే బంకర్‌లో పడుకుని, ఒకే మగ్గులో చాయ్ తాగి, ఒకడి కాళ్లు మంచుకు మొద్దుబారితే వాటిని తన పొట్టకు ఆనించుకుని వెచ్చబెట్టేవాడు. ఈ పెళ్లికి జాతకాలు చూడరు, పై అధికారి ఎవరిని చూపిస్తే వాడే.) శ్రీకాకుళం వాడు కాబట్టి వాడు సిక్కోలు, చీరల కొట్టువాణ్ణి కాబట్టి నేను చీర. వాడి భార్య వనస్థలిపురంలో తన అన్నగారింట్లో ఉండేది, అప్పుడు ఆరో నెల. న్యాయంగా అయితే వాడే ముందు వెళ్లాలి. అయినా మా నాన్న పోయి అప్పటికి నాలుగు నెలలే అయిందని నన్ను పొమ్మన్నాడు.

"నువ్వెల్లి రారా సీరా. రెండేళ్లే కదేటి. నువ్వొచ్చీసరికి నా బిడ్డ పరుగులు తీస్తాది. దాని ఎనకాల పరిగెత్తడానికి నానెల్తాను."

రెండేళ్ల మీద ఒక్కరోజు ఎక్కువుంటే ఒట్టని వాడి నెత్తిన చెయ్యి పెట్టి మరీ బయల్దేరాను.

మొదటి డ్యూటీ సైదాబాద్ అవతల ఒక కాలేజీలో పిల్లలకు కవాతు నేర్పడం. ఎడమకు తిరగమంటే సగం మంది కుడికి తిరిగి, ఎదురుబొదురుగా నిలబడి పలకరించుకునేవారు. నేను అరిచి అరిచి ఇంటికొస్తే అమ్మ మటన్ కూర, జొన్నరొట్టె పెట్టేది. బెల్టుకు మూడు కొత్త చిల్లులు పొడిపించాను. రెండేళ్లు ఎట్లా గడిచాయో తెలియదు. తిరిగి వెళ్లే రోజు దగ్గరపడింది. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి, కొత్తగా చేరే కుర్రాళ్ల ఛాతీ టేపుతో కొలిచే ఇంకో డ్యూటీ సంపాదించాను. సిక్కోలుకు ఫోన్ చేసి, "పైనుంచి ఆర్డర్‌రా, నా చేతిల ఏమున్నది" అన్నాను.

"ఆర్డరైతే ఏటి సేస్తాం" అన్నాడు వాడు. నమ్మాడు. జోడీ మాట నమ్మక ఏం చేస్తాడు? "ఓపాలి ఎల్లి పాపని సూసి రారా. పరుగులెడతందంట."

వెళ్లాను. నా యూనిఫారం చూడగానే ఆ పిల్ల "నాన్నా" అని కేక వేసి, నన్ను తరమమని హాల్లో పరుగు లంకించుకుంది. బూట్లు టపటపలాడించుకుంటూ దాని వెనక సోఫా చుట్టూ పరుగెత్తాను. వాళ్లమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వలేక నవ్వింది. బయటికొచ్చాక నేను సిగ్గుతో చచ్చిపోయి ఉండాల్సింది. ఆటో ఎక్కి ఇంటికెళ్లి పప్పుచారుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఆ రెండేళ్లూ అయ్యాయి. ఈసారి సిక్కోలుకు మళ్లీ ఆర్డరనే చెప్పి, అమ్మ మోకాళ్లు అడ్డం పెట్టాను. కొడుకు తప్ప దిక్కులేదు, నడవలేదు, పొడిగించండి అని అర్జీ పెడితే విచారించడానికి సుబేదార్ సాబ్ ఎల్బీనగర్‌లో మా ఇంటికే వస్తానన్నాడు. అమ్మ ఆ పొద్దున్నే మూడంతస్తులు దిగి బియ్యం మూట మోసుకొచ్చింది.

"ఏ కాలురా?" అంది అమ్మ.

"ఎడమది. యాదికుంచుకో."

"గా సాబ్ పొయ్యేదాంక కుంటాల్నా? జర కూసుంటే ఏమైతది?"

చాయ్ తెస్తూ ఎడమ కాలు కుంటింది. పాపం బాగానే కుంటింది. సకినాల పళ్లెం తెచ్చేటప్పుడు కుడి కాలు మొదలుపెట్టింది. నేను కళ్లతో సైగ చేస్తే గాబరాపడి రెండు కాళ్లూ కుంటింది. సుబేదార్ సాబ్ ఆమెను చాలాసేపు చూసి, నాలుగు సకినాలు తిని, మాతాజీకి రెండు కాళ్లూ దెబ్బతిన్నట్టున్నాయి అని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. నమ్మాడో, సకినాలు నచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు వేసుకుని అమ్మా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ చలికాలంలోనే కంపెనీ క్లర్క్ ఫోన్ చేశాడు. గస్తీకి వెళ్లినవాళ్లు రెండు రోజులు మంచులో చిక్కుకున్నారట. సిక్కోలు కుడికాలి వేళ్లు నల్లబడిపోతే మూడు తీసేశారట. కొత్త జోడీకి ఆ కాలు పొట్టకు ఆనించుకోవాలని తట్టలేదట. నేనప్పుడు మైదానంలో ఎవడి ఛాతీనో కొలుస్తున్నాను. అంకె ఎంతని చెప్పానో గుర్తులేదు.

కొన్ని నెలలకు ఒక ఆదివారం మా ఇంటి గంట మోగింది. అమ్మ తలుపు తీసింది. పొట్టి క్రాపు, నిటారు మనిషి. ఫౌజువాడని పోల్చుకుని, మళ్లీ విచారణకొచ్చారనుకుని, ఎవరని కూడా అడగకుండా ఎడమ కాలు ఈడుస్తూ వెనక్కి నడిచింది.

"రాండ్రి సాబ్, కూసోండ్రి. మోకాలు శానా పరేషాన్ చేస్తున్నది."

వాడు చేతికర్ర ఊతంతో లోపలికి అడుగులేశాడు. నేను గదిలోంచి వచ్చి అట్లాగే నిలబడిపోయాను. అమ్మ నీళ్ల గ్లాసుతో వంటింట్లోంచి వచ్చింది, ఈసారి కుడి కాలు కుంటుతూ. సిక్కోలు ఆ కాలు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఆర్డరన్నావు కదరా, సీరా."

వాడు అమ్మ చేతిలోంచి గ్లాసు అందుకున్నాడు.

"అమ్మా, ఇంక కుంటడం మానీండి. ఈ ఇంట్లో నానొక్కణ్ణి సాలు."

అమ్మ వాడి బూటు వంక చూసింది. తిన్నగా నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడే అర్జీ వెనక్కి తీసుకుని కొండెక్కాను. ఖాళీ అయిన నా చోటు వాడికిచ్చారు, ఆ కాలుతో ఇంక పైకి పంపలేరు కనుక. అట్లా వాడి వంతు వాడికొచ్చింది. అప్పటికి పాపకు ఐదేళ్లు. తరమమని వీధి చివరిదాకా పరుగెత్తేదట. వాడు గేటు దగ్గరే నిలబడి, "దొరకవులే తల్లీ, నువ్వే గెలిసావు" అనేవాడట.

ఇప్పుడిద్దరం రిటైరయ్యాం. అమ్మకు నిజంగానే మోకాళ్లు పోయాయి. ఆదివారాలు వాడొచ్చి, "ఏ కాలమ్మా ఇయాల?" అని అడుగుతాడు. "రెండూ బిడ్డా, ఒట్టు" అంటుంది అమ్మ. ముగ్గురం నవ్వుతాం. తర్వాత వాణ్ణి బస్సెక్కించడానికి నేను కూడా వెళ్తాను. ఒకప్పుడు కవాతు నేర్పినవాణ్ణి కదా, కాళ్లు ఊరుకోవు, రెండడుగులు ముందుకు పోతాయి. ఆగుతాను. వాడు వచ్చేదాకా ఆగి, మళ్లీ వాడి అడుగులో అడుగు వేస్తాను.